ఎస్తేరమ్మ గట్టు సాలు

మొన్న చింతామణి నుంచి చిక్కబళ్ళాపురం వచ్చే పొద్దుటి బస్సులో ఒకాయన మల్బరీ కొమ్మల మోపు ఎక్కించాడు. దానికి లగేజీ టిక్కెట్టు కొట్టాలని కండక్టరు కన్నడంలో అన్నాడు. పురుగులు తినే ఆకుకి లగేజీ ఏమిటని ఆయన తెలుగులో అడిగాడు. ఎవరి భాషలో వాళ్ళు హాయిగా పోట్లాడుకుంటూ ఉంటే, తడి గోనెసంచి కప్పిన ఆ మోపు నుంచి పచ్చి వాసన లేచి నా సీటు దాకా వచ్చింది. కోసిన కొమ్మ చివర పాలు కారుతున్నప్పటి వాసన అది. మా వైపు పుట్టినవాళ్ళకి ఆ వాసన తగలగానే పట్టుపురుగులు గుర్తుకు రావాలి. నాకు మాత్రం ఒక పాట గుర్తుకొస్తుంది. శ్రుతి లేదు, తాళం లేదు, పాడే మనిషికి ఆ సంగతి పట్టనే పట్టదు. అది ఎస్తేరమ్మ పాట. బస్సులో ఒక్కదాన్నే నవ్వుకుంటుంటే పక్క సీటు అమ్మాయి నన్ను అనుమానంగా చూసి కాస్త జరిగి కూర్చుంది.

ఎస్తేరమ్మ మా పక్క పొలం ఆమె. కైవారానికీ చింతామణికీ మధ్య ఉన్న మా ఊళ్ళో మాది తాతల కాలం నుంచి కొట్టూ పొలమూ రెండూ ఉన్న కుటుంబం. ఆమెది ఊరి చివర కాలనీలో చిన్న ఇల్లు. భర్త పోయాక ఆమెకు మిగిలింది మా తోటను ఆనుకుని ఉన్న ఒక చెక్క నేల. అందులో మల్బరీ, ఇంటి వెనక రేకుల షెడ్డులో పట్టుపురుగులు, ఆదివారమైతే చర్చి. ఆమె ఆస్తి అంతే. మాట్లాడే తీరు చూస్తే మాత్రం తాలూకాలో ఆమెకంటే కలిగినవాళ్ళు లేరనిపించేది. దేవుడితో కూడా ఇంట్లో పెద్దమనిషితో మాట్లాడినట్టే మాట్లాడేది. వాన ముఖం చాటేస్తే నడుం మీద చేతులు పెట్టుకుని ఆకాశం వైపు చూసి, "ఏం స్వామీ, నిద్దర పోతాండావా? ఈడ మేముండామని గ్యాపకం ఉండాదా?" అని గద్దించేది. మా అమ్మ విని లెంపలు వేసుకునేది.

నేను హైస్కూల్లో ఉండగా సెలవుల్లో ఒకరోజు ఆమెకు ఆకు కోయడంలో సాయం చేయడానికి వెళ్ళాను. సాయం అంటే నా మాటలు ఆమె వినడం, ఆమె కోసిన కొమ్మలు నేను మోపు కట్టడం. తోట మొత్తం కోసుకుంటూ వచ్చిన మనిషి గట్టు పక్క సాలు దగ్గరకు వచ్చేసరికి కొడవలి నడుముకు దోపుకుంది. తోట చుట్టూ నాలుగు వైపులా ఆ చివరి సాలు ఒక్కటీ నిండుగా, పచ్చగా అలాగే నిలబడి ఉంది. మరిచిపోయిందేమోనని చెప్పాను.

"అది నాది కాదులే మంజూ" అంది.

"మీ పొలంలో ఉండేది మీది కాకుండా ఎవరిదత్తా?"

"ఎవరికి తక్కువ పడితే వాళ్ళది. పొలం అంచు దాకా ఊడ్చుకొని కోసుకోవద్దని మా దేవుడు చెప్పినాడు. పట్టా నా పేరుమీద ఉండాది గానీ భూమి ఆయనది. నేను కోరుకి చేస్తాండా, అంతే. ఓనరు చెప్పినట్ల వినల్ల కదా?"

పంటలో పాలుకు ఇంకొకరి భూమి సేద్యం చేయడాన్ని మా వైపు కోరు అంటారు. ఊళ్ళో సగంమంది ఎవరో ఒకరి భూమిని కోరుకు చేసేవారు. వాళ్ళెవరూ ఇంత సంతోషంగా ఆ మాట అనగా నేను వినలేదు.

ఆ సాలుకు ఆమె పెట్టుకున్న పద్ధతి ఇంకా విచిత్రమైనది. తీసుకునేవాళ్ళు అడగక్కర్లేదు, చెప్పక్కర్లేదు. ఎవరైనా కొడవలి పట్టుకుని గట్టు మీదికి వస్తున్నట్టు అలికిడైతే చాలు, ఎస్తేరమ్మ గిరుక్కున వెనక్కి తిరిగి, ఊరంతా వినిపించేలా పాట ఎత్తుకునేది. తను చూడటం లేదని వచ్చినవాళ్ళకు తెలియాలి కదా, అందుకని! ఆ పాటలో చరణాలు ఎన్నో ఆమెకే తెలియదు. కోతకు తగ్గట్టు పాట సాగుతుంది, మోపు చిన్నదైతే తొందరగా ముగుస్తుంది. తెలియనివాళ్ళు ఆమెకు పిచ్చేమో అనుకునేవారు. ఇంటికి నాలుగు తట్టల పురుగులు పెట్టుకుని ఆకు చాలక అల్లాడే కాలనీ ఆడవాళ్ళకు మాత్రం ఆ గొంతు వినిపిస్తే పోయిన ప్రాణం లేచి వచ్చేది. మా పొలంలో కూలికి వచ్చే గంగులమ్మ అలా ఎన్ని పంటలు గట్టెక్కించుకుందో.

ఎస్తేరమ్మ సమానత్వం గురించి ఉపన్యాసం చెప్పగా నేనెప్పుడూ వినలేదు. ఆ పదం ఆమెకు తెలుసో తెలియదో కూడా. ఒక క్రిస్మస్ రోజు చూశాను. "చూసి రా, ఏమీ తినొద్దు" అని మా అమ్మ నన్ను పంపింది. చర్చి ముందు షామియానా కింద చాపలు పరిచారు. ఆరోజు బెంగళూరు నుంచి ఒక పెద్దమనిషి కారులో వచ్చాడు. చర్చి కప్పుకు కొత్త రేకులు వేయించింది ఆయనే. పాస్టరుగారు ఆయన కోసం ఎక్కడి నుంచో మెత్తటి కుర్చీ తెప్పించి, ముందు బల్ల వేయించి, బల్ల మీద పూల గుడ్డ పరిపించారు. వడ్డనకు వచ్చిన ఎస్తేరమ్మ దాన్ని చూసింది. చుట్టూ చాపల మీద కూర్చున్నవాళ్ళను చూసింది. తర్వాత పొగలు కక్కే బిర్యానీ డేగిసా తెచ్చి, బల్ల పక్కకు జరిపి, ఆ కుర్చీలో భద్రంగా కూర్చోబెట్టింది.

పాస్టరుగారు కంగారుపడిపోయారు. "ఏందమ్మా ఇది? అయ్యగారు యాడ కూర్చోవల్ల?"

"కుర్చీ ఒగటే ఉండాది పాస్టరయ్యా, మనం ఇంతమందిమి ఉండాము. దీనికైతే కాలు సరిగా లేదు పాపం, కింద పెడితే ఒరిగిపోతాది" అని డేగిసాను చూపించింది. ఆ పెద్దమనిషి వైపు తిరిగి, "రాండప్పా, నా పక్కన కూర్చోండి. ఈడనే ముక్కలు బాగా పడతాయి" అంది.

ఆయన పకపకా నవ్వి వచ్చి గంగులమ్మకూ ఎస్తేరమ్మకూ మధ్య చాప మీద చతికిలబడ్డాడు. తిన్నంతసేపూ బాగానే ఉన్నాడు కానీ, బిగుతు ప్యాంటు వల్ల లేవడం ఆయన వల్ల కాలేదు. చివరికి చెరో చెయ్యి పట్టుకుని ఇద్దరాడవాళ్ళు లాగితే లేచాడు. ఆ లాగుడులో గంగులమ్మ వెనక్కి పడిపోయింది. షామియానా అంతా నవ్వులే. నేను కూడా కడుపు పట్టుకుని నవ్వాను. ఆ కడుపు నిండా అప్పటికే బిర్యానీ ఉందని మా అమ్మకు ఎప్పటికీ చెప్పలేదు. తిరిగి వస్తూ, డబ్బున్నవాళ్ళంటే మీకు కోపమా అని ఎస్తేరమ్మను అడిగాను. "ఛ, ఆయప్ప మంచోడు. డబ్బు ఉండేది తప్పు కాదు మంజూ. దాన్ని ఎక్కి కూర్చుంటేనే కష్టం. పక్కనోళ్ళు కనిపించరు" అంది.

ఆ ఎక్కి కూర్చోవడం ఎలా ఉంటుందో మా ఇంట్లోనే చూడవలసి వచ్చింది. నేను పియుసి, అంటే ఇంటరు, ముగించిన ఏడాది. చిక్కబళ్ళాపురంలో డిగ్రీలో సీటు వచ్చింది. హాస్టలుకు, ఫీజుకు డబ్బు మాత్రం పురుగుల నుంచే రావాలి. కొట్టు అప్పటికే నీరసించింది. "ఈ పంట చేతికొస్తే పోతావు, లేదంటే వచ్చే ఏడు చూస్తాము" అని మా నాన్న ముందే చెప్పాడు. వచ్చే ఏడు అంటే మా ఊళ్ళో ఆడపిల్లలకు ఏమవుతుందో నాకు తెలుసు. అందుకే ఆ పురుగులను నేను నా కళ్ళకంటే ఎక్కువగా చూసుకున్నాను. రాత్రిళ్ళు అవి ఆకు నమిలే చప్పుడు వింటూ, ఇదిగో హాస్టలు గది, ఇదిగో కొత్త చెప్పులు అని లెక్కలు వేసుకునేదాన్ని.

మా నాన్న వెంకటరమణప్పకు ఆ ఏడు టమోటా మీద మనసు పోయింది. ధర ఆకాశంలో ఉంది. పట్టు డబ్బూ కావాలి, టమోటా డబ్బూ కావాలి. మల్బరీ తోటలో సగం పీకించి, మిగిలిన సగం పక్కనే టమోటా నాటించాడు. పురుగులు పెంచేవాళ్ళెవరూ ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టరు. టమోటాకు కొట్టే మందు గాలికి ఎగిరి మల్బరీ ఆకు మీద పడిందంటే, ఆ ఆకు తిన్న పురుగు బతకదు. ఆ సంగతి మా నాన్నకు తెలియదా? పదిమందికి చెప్పినవాడే! గాలి లేనప్పుడు కొట్టిస్తే ఏమీ కాదులే అనుకున్నాడు. గాలి ఆయన మాట వినలేదు. తోటలో చాలా భాగం పనికిరాకుండా పోయింది. దూరంగా ఉన్న కొన్ని సాళ్ళ ఆకుతో ఎలాగో నెట్టుకొచ్చాం. నాలుగో జ్వరం, అంటే పురుగులు చివరిసారి కుబుసం విడిచే నిద్ర, లేచాక వాటి ఆకలికి అంతుండదు. గూడు కట్టే ముందు చివరి రెండు రోజులూ మోపుల కొద్దీ తింటాయి. సరిగ్గా ఆ రెండు రోజులకు మాకు ఆకు సగానికి సగం తక్కువ పడింది. కొందామంటే అందరి పురుగులూ ఒకే ఈడులో ఉన్నాయి, చింతామణి దాకా తిరిగినా ఒక మోపు దొరకలేదు.

ఎస్తేరమ్మ పంట మాత్రం అందరికంటే ముందే గూళ్ళు కట్టింది. ఆమె తోట కోసేసి ఉంది. మా టమోటా అవతలి చివరన ఉండటంతో మందు సోకని గట్టు సాలు మాత్రం చుట్టూ నాలుగు వైపులా నిండుగా నిలబడి ఉంది. ఆ సాయంత్రం ఆమె మా గడప దాకా వచ్చింది.

"వెంకటరమణప్పా, పురుగులు ఎండుతాండాయంట. నా గట్టు సాలు ఉండాది కదా?"

"అది లేనోళ్ళకి కదమ్మా, నాకెందుకు?"

"లేనోళ్ళకని నేనెప్పుడు చెప్పినానప్పా? తక్కువ పడినోళ్ళకి అన్నా. నీకు తక్కువ పడిండాది కదా?"

"అయితే రేటు చెప్పు, దుడ్డు ఇస్తా."

"ఆ సాలుకి రేటు లేదు."

"సుమ్నే ఊరకనే తీసుకొనేంత గతి చెడిపోలేదులే" అని నాన్న ముఖం తిప్పుకున్నాడు. ఆమె వాదించలేదు. "సరేప్పా" అని వెళ్ళిపోయింది. లోపలికి వచ్చి నాన్న, తెల్లారితే సగం తట్టలు ఎరువు గుంతలో పోసేద్దాం, మిగిలిన సగాన్నయినా బతికించుకుందాం అన్నాడు. సగం పంట అంటే నాకు హాస్టలు లేదు, కాలేజీ లేదు. అమ్మ నా తల నిమిరింది.

తెల్లవారగానే నేను కొడవలి తీసుకుని ఎవరికీ చెప్పకుండా ఎస్తేరమ్మ తోటకు వెళ్ళాను. గట్టు ఎక్కాను. ఇంతకాలం ఆ గట్టును ఇవతల నుంచి చూసినదాన్నే కానీ, చేతిలో కొడవలితో అక్కడ నిలబడటం ఎలా ఉంటుందో ఎన్నడూ అనుకోలేదు. ఎవరైనా చూస్తున్నారేమోనని వీపంతా మండుతున్నట్టు ఉంది. ఎస్తేరమ్మ తోట నడుమ పాదులు చేస్తోంది. నా అలికిడి విని, నా వైపు చూడనైనా చూడకుండా, గిరుక్కున వెనక్కి తిరిగి పాట ఎత్తుకుంది. అంత బండ గొంతు అంత తియ్యగా వినిపించడం నాకు అదే మొదలు. ఏడుస్తూనే కోయడం మొదలుపెట్టాను.

నేను లేనని తెలిసి నాన్న వెతుక్కుంటూ వచ్చాడు. దూరం నుంచే కేకలు వేస్తూ వచ్చినవాడు గట్టు మీదికి వచ్చి ఆగిపోయాడు.

"ఎస్తేరమ్మా, ఇట్ల తిరుగు" అన్నాడు.

"ఎవరో కోస్తాండారు. నేను తిరగను" అని మళ్ళీ పాట అందుకుంది.

"ఎవరో ఏంది, నేను! వెంకటరమణప్పని!"

"నాకు యాడ కనిపిస్తాండావప్పా?"

"మా పాపను పిలుచుకొని పోదామని వచ్చినా."

"ఏ పాప? నేనెవురినీ చూడలేదే" అంది. అని, పాట ఇంకో మెట్టు పైకి ఎత్తింది.

నాన్న ఆ వీపు వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆమె ఒక్కసారి తిరిగి చూసి ఉంటే, ఆ చూపులో జాలో గెలుపో ఏదో ఒకటి వెతుక్కుని ఆయన నన్ను లాక్కుపోయేవాడు. పోట్లాడటానికి ఆయనకు ముఖమే దొరకలేదు. ఇంతలో గట్టు అవతలి నుంచి గంగులమ్మ కొడవలితో వచ్చింది. ఆమె తట్టలకూ ఆకు తక్కువ పడింది. మా నాన్నను అక్కడ చూసి ఒక్క క్షణం బిత్తరపోయింది. నిన్నటిదాకా ఆయన దగ్గర కూలి చేతులు చాచి తీసుకున్న మనిషి. నాన్న ముఖం కందగడ్డ అయింది.

గంగులమ్మ మాత్రం తేరుకుని, ఇదేదో రోజూ జరిగేదే అన్నట్టు, "నేను ఈ మూల నుంచి వస్తా అప్పా, మీరు ఆ మూల నుంచి రాండి. నడిమిలో కలుస్తాము" అంది.

నాన్న నా చేతిలోని కొడవలి తీసుకున్నాడు. విసిరేస్తాడనుకున్నాను. వంగి కోయడం మొదలుపెట్టాడు. కొట్టులో కూర్చుని కూర్చుని అలవాటు తప్పిన చేతులు, రెండు కొమ్మలకే ఆయాసం. ఇద్దరూ మధ్యలో కలిసేసరికి గంగులమ్మ మోపు చిన్నదిగా, మాది పెద్దదిగా ఉంది. ఆమె తన మోపు ఎత్తుకుని పోతూ వెనక్కి తిరిగి, "నాకు చాల్లే అప్పా. ఇంగో పక్క సాలు మీరే కోసుకోండి, పాప చదువు కదా" అంది. మా నాన్న కళ్ళు తుడుచుకోవడం నేను మొదటిసారి చూసింది అక్కడే. చెమట అన్నాడు. చెమటేలే అనుకున్నట్టు నేనూ తల ఊపాను.

పురుగులు పండి గూళ్ళు కట్టాయి. పంట ఊరు చెప్పుకునేంతగా రాలేదు కానీ నేను చిక్కబళ్ళాపురం బస్సు ఎక్కడానికి సరిపోయింది. టమోటా ధర పడిపోయిందనుకోండి, అది వేరే కథ. ఒక్క రూపాయి తీసుకోని ఎస్తేరమ్మకు ఎలాగైనా బదులు తీర్చాలని నాన్న ఒక గంపెడు టమోటాలు పంపాడు. ఆమె సంతోషంగా తీసుకుని గంటలో కాలనీ అంతా పంచేసింది. నాన్నకు ఒళ్ళు మండిపోయింది. "నీకని ఇచ్చినాను కదమ్మా!" అని అడగడానికి వెళితే, "అవును, నాకిచ్చినావు. నాదయినాక నా ఇష్టం కదప్పా" అని నవ్వింది. తర్వాత నాన్న కూడా మా తోటలో గట్టు సాలు వదలడం మొదలుపెట్టాడు. వదిలి, ఎవరు కోస్తారో చూద్దామని గట్టు మీదే కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఒక్కరూ రాలేదు. ఎస్తేరమ్మ అటుగా వచ్చి, "పోలీసు మాదిరి కూర్చుంటే ఎవరొస్తారప్పా? ఇంటికి పోయి కాపీ తాగు" అని కేకలేసింది. నాన్న కాఫీకి ఇంటికి వెళ్ళొచ్చేసరికి సగం సాలు ఖాళీ. ఆయన ఆరోజంతా ఊళ్ళో ఛాతీ విరుచుకుని తిరిగాడు. ఛాతీ విరుచుకోకూడదని నేర్చుకోవడానికి ఇంకొన్నేళ్ళు పట్టింది.

ఎస్తేరమ్మ చివరి రోజుల్లో కాళ్ళు పడిపోయి మంచం పట్టింది. నేను అప్పటికి ఇక్కడ కాలేజీలో లెక్చరరుగా చేరాను. శనివారాలు వెళ్ళి చూసేదాన్ని. ఇచ్చే చెయ్యి కదా, తీసుకోవలసి వచ్చినందుకు కుమిలిపోతూ ఉంటుందేమోనని భయపడ్డాను. వెళ్ళి చూస్తే ఆమె మహారాణిలా ఉంది. గంగులమ్మ గంజి తెస్తే ఉప్పు తక్కువని వంక పెడుతోంది. నాన్న కారులో ఆసుపత్రికి తీసుకెళితే, కిటికీ దించమని, మెల్లగా పొమ్మని హుకుం జారీ చేస్తోంది. మా అమ్మ, ఒకప్పుడు నన్ను తినొద్దని పంపిన మా అమ్మ, ఆమె తల దువ్వి జడ వేస్తోంది.

"అత్తా, ఇన్ని చేయించుకునేదానికి మీకు మొహమాటంగా లేదా?" అని ఆటపట్టించాను.

"ఇచ్చేటప్పుడు నేనే పెద్దదాన్ని అనిపిస్తాది మంజూ, ఎంత వద్దనుకున్నా అనిపిస్తాది. దానికే నేను వీపు తిప్పుకొనేది, నాకు నేను కనిపించకుండా. తీసుకొనేటప్పుడే అందరమూ ఒగే ఎత్తు అని తెలిసేది. మా దేవుడు కూడా ఒకరింట్లో అన్నం తిన్నాడు, ఒకరి దగ్గర నీళ్ళడిగినాడు. ఆయనకు లేని సిగ్గు నాకెందుకు?" అంది. అని, గంజిలో ఉప్పు వేసుకు రమ్మని నన్నూ తరిమింది.

ఆమె పోయినప్పుడు వచ్చినవాళ్ళకు చర్చి చాల్లేదు. ఎవరెవరు ఆ గట్టు సాలు కోసుకున్నారో ఎస్తేరమ్మ ఎన్నడూ చూడలేదు, చెప్పలేదు. ఆరోజు వచ్చిన జనాన్ని చూస్తే ఊరు ఊరంతా ఎప్పుడో ఒకప్పుడు కోసుకున్నవాళ్ళే అనిపించింది. ఏడుపుల మధ్యలో ఎవరో ఆమె పాట ఎత్తుకుంటే, ఎవరికీ సరిగా రాక, ఏడ్చేవాళ్ళందరికీ నవ్వొచ్చింది. ఆమెకు తగిన వీడ్కోలే అది.

ఆమె నాకు ఇవ్వడం నేర్పిందని మా ఊళ్ళో అనుకుంటారు. అది నిజం కాదు. ఇవ్వడం నాకు ముందే కొంచెం వచ్చు, కలిగిన ఇంట్లో పుట్టినదాన్ని కదా. నాకు రానిది తీసుకోవడం. పోయిన నెల నాకు జ్వరం వచ్చి లేవలేకపోతే, మా కాలేజీలో గదులు ఊడ్చే లక్ష్మీదేవమ్మ సాయంత్రం పని ముగించుకుని, రెండు బస్సులు మారి, నా గదికి డబ్బాలో మిరియాల చారూ అన్నమూ తెచ్చింది. గడప బయటే నిలబడి, తింటానో తిననో అన్నట్టు డబ్బా చాచింది. "ఎందుకమ్మా నీకు ఈ శ్రమ, వద్దులే" అనే మాట నా నాలుక చివర దాకా వచ్చింది. ఎంత మర్యాదైన మాటో! మా నాన్న ఆ సాయంత్రం మా గడప దగ్గర అన్నదీ దాదాపు అదే.

ఆమెను లోపలికి పిలిచాను. ఇద్దరం మంచం మీదే కూర్చున్నాం. డబ్బా అడుగంటా తిని, వేళ్ళు నాకి, "ఇంకొంచెం ఉండాదా?" అని అడిగాను.